ఆగి ఉన్న బండిలో ఎలుకల కాపురం: సెల్లార్ కారు నుంచి అమెరికా ఆర్‌వీ దాకా

వేసవి సెలవులకు ఊరెళ్లి మూడు వారాల తర్వాత వచ్చి కారు స్టార్ట్ చేస్తే ఏసీ పనిచేయదు. డ్యాష్‌బోర్డ్ మీద ఇంజిన్ లైటు వెలిగి ఆరదు. మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తి, ఒక్క చూపు చూసి "ఎలుకలండీ" అంటాడు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ అపార్ట్‌మెంట్లలో ఇది వింత కాకుండా పోయి చాలాకాలమైంది. రిపేరు అయ్యాక ఓనర్లు అడిగే ప్రశ్న కూడా ఒకటే: "ఏం పెడితే మళ్లీ రావు?" పొగాకు కాడలు, కలరా ఉండలు, పుదీనా నూనె, మిరియాల స్ప్రే, ఫోన్‌లో ఆర్డరు పెట్టిన ఏదో మిషను అంటూ జవాబులు కూడా సిద్ధంగా ఉంటాయి. చిక్కల్లా ఆ ప్రశ్నలోనే ఉంది. ఎలుకను తరిమే వస్తువు కోసం వెతికే ముందు, అది ఆ బండినే ఎందుకు ఎంచుకుంది, ఎటు నుంచి ఎక్కింది అన్నది చూడాలి.

ముందు వైర్ల సంగతి. ఎలుక వైరును ఆకలేసి కొరకదు. దాని ముందు పళ్లు బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి, ఏడాదికి 10 సెంటీమీటర్లకు పైనే. ఆ పంటికి ముందువైపు గట్టి ఎనామిల్, వెనకవైపు మెత్తటి డెంటిన్ ఉంటాయి. కొరికే కొద్దీ వెనకభాగం తొందరగా అరిగి, అంచు దానంతటదే పదునెక్కుతుంది. అరగకపోతే పళ్లు పెరిగిపోయి నోరే మూతపడదు. కాబట్టి వైరు, రబ్బరు గొట్టం, ప్లాస్టిక్ మూత, ఏది ఎదురుపడితే అది కొరుకుతుంది. వైర్ల పైపొరలో ఈ మధ్య సోయా పదార్థాలు వాడుతున్నారని, అందుకే ఎలుకలు మరుగుతున్నాయని అమెరికాలో కార్ల కంపెనీల మీద కేసులు కూడా పడ్డాయి. వినడానికి బాగానే ఉంటుంది గానీ, సోయా లేని కాలంలోనూ ఎలుకలు ఇంటి కరెంటు వైర్లు, టెలిఫోన్ తీగలు కొరుకుతూనే ఉన్నాయి. మారింది బండి. పాత అంబాసిడర్‌లో ఒక వైరు తెగితే హారన్ మోగేది కాదు, అంతే. ఇప్పటి కారులో వైరింగ్ పొడవు కిలోమీటరు దాటుతుంది. సెన్సార్లు డజన్లలో ఉంటాయి. సన్నటి తీగ ఒక్కటి తెగినా బండి కదలనని మొరాయిస్తుంది.

ఎలుక వైపు నుంచి చూస్తే ఆగి ఉన్న కారు కన్నా మంచి కొంప దొరకదు. ఇంజిన్ గది చీకటిగా ఉంటుంది, పైన కప్పుంటుంది, నేలకు ఎత్తులో ఉంటుంది. గూడుకు కావలసిన మెత్తటి సరుకు బానెట్ కింద ఫెల్ట్ షీటు రూపంలో అతికించే ఉంటుంది. సాయంత్రం నడిపి ఆపిన బండైతే చాలాసేపు వెచ్చదనం కూడా. పైగా ఎలుకకు తిండి దొరికినచోట నిలబడి తినే అలవాటు తక్కువ. నోట కరుచుకుని భద్రమైన చోటుకు మోసుకెళ్లి తింటుంది. బానెట్ ఎత్తి టార్చి వేస్తే ఈ కథంతా అక్కడే పరిచి ఉంటుంది. బ్యాటరీ ట్రే మూలలో కొబ్బరి చిప్ప ముక్క, బిర్యానీ ఎముక, ఉల్లి పొట్టు, సగం కొరికిన చపాతీ. ఫెల్ట్ షీటులో గుప్పెడంత మేర చిరుగు, అక్కడ ఊడిన పీచు ఇంజిన్ పైకవరు కింద ఉండలా చుట్టి. వైరు తొడుగు మీద పక్కపక్కనే రెండేసి గాట్లు, వాటి మధ్య మెరిసే రాగి. పెంటికల సైజును బట్టి వచ్చిందెవరో చెప్పొచ్చు: చిట్టెలుకవి జీలకర్ర గింజంత ఉంటాయి, పెద్ద ఎలుకవి అర అంగుళం వరకు ఉంటాయి. నల్లగా, నిగనిగలాడుతూ ఉంటే నిన్నా ఇవాళ్టివి. ఎండి, బూడిదరంగుకు తిరిగితే పాతవి.

చాలామంది చూడని ఇంకో చోటు ఏసీ ఫిల్టర్. చాలా కార్లలో అది గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. బాక్స్ దించి, మూత తీసి ఫిల్టర్ బయటికి లాగితే, మడతల మధ్య టిష్యూ పేపర్ ముక్కలు, సీటు స్పాంజి, పెంటికలు రాలిపడతాయి. ఏసీ వేయగానే ఉచ్చ కంపు కొడితే ఎయిర్ ఫ్రెష్‌నర్ కొనడం దండగ, ముందు ఇక్కడ చూడాలి. ఎలుక ఇక్కడికి చేరే దారి వైపర్ల కింద ఉండే గాలి జాలీ. బయటి గాలి లోపలికి వచ్చేది అక్కడి నుంచే. ఏసీని బయటి గాలి మోడ్‌లో ఉంచి ఇంజిన్ ఆపితే చాలా కార్లలో ఆ గాలిదారిలోని తలుపు తెరిచే ఉండిపోతుంది. లోపలి గాలినే తిప్పే మోడ్‌లో పెట్టి ఆపితే తలుపు మూసుకుని ఉంటుంది. పైసా ఖర్చు లేని ఈ పని చేసేవాళ్లు చాలా తక్కువ.

ఇక తరిమే మందులు. పుదీనా నూనె ఘాటు తాజాగా ఉన్నంతసేపు ఎలుకకు చికాకే. కానీ గాలి ఆడే ఇంజిన్ గదిలో ఆ వాసన రోజుల్లోనే ఆవిరైపోతుంది, గూడు కట్టాలని నిర్ణయించుకున్న తల్లి ఎలుకను అదేమీ ఆపదు. పొగాకు సంగతీ అంతే. పొగాకు కాడల పక్కనే గూడు కట్టిన ఎలుకలను చూడని మెకానిక్ ఉండడు. కలరా ఉండల విషయంలో ఇంకో ప్రమాదముంది. మూసి ఉన్న కారులో నాఫ్తలీన్ ఆవిరి నిండితే పీల్చేది మనం. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపంతో పుట్టిన పిల్లలకు అది ఎర్ర రక్తకణాలు పగిలిపోయేంత కీడు చేస్తుంది. చెవికి వినిపించని శబ్దంతో ఎలుకలను తోలేస్తామనే మిషన్ల మీద అమెరికాలో వ్యాపార మోసాలపై నిఘా పెట్టే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే 60కి పైగా తయారీదారులకు, అమ్మకందారులకు హెచ్చరిక లేఖలు పంపింది, మీరు చెప్పుకుంటున్న గొప్పలకు శాస్త్రీయ ఆధారం చూపాలని. పాతికేళ్లవుతున్నా అవే మిషన్లు, అవే మాటలతో మన ఫోన్లలో అమ్ముడవుతున్నాయి. కాస్తో కూస్తో పనిచేసేది మిరప కారం. హోండా కంపెనీ మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ పూసిన టేపును వైర్లకు చుట్టుకోవడానికి అమ్ముతోంది. పాలిచ్చే జంతువుల్లో దాదాపు అన్నిటికీ ఆ మంట తెలుస్తుంది కాబట్టి చుట్టిన మేరకు వైరు బతుకుతుంది. కానీ కిలోమీటరు వైరింగ్‌కు ఎవరు చుట్టగలరు? ఒకసారి కొరికిన చోట, రిపేరు చేసిన కట్టకు చుట్టించుకుంటే సరిపోతుంది.

అసలు తేడా ఇక్కడ అర్థం చేసుకోవాలి. ఇంజిన్ గదిని మూయలేం. ఇంజిన్ చల్లబడాలంటే కింద నుంచి, ముందు నుంచి గాలి రావాల్సిందే, గాలి వచ్చే దారిలో ఎలుకా వస్తుంది. కారు క్యాబిన్‌ను మాత్రం చాలావరకు మూయొచ్చు. వైపర్ల కింది గాలిదారికి ఆరు మిల్లీమీటర్ల కన్నా సన్నటి రంధ్రాలున్న స్టీలు జాలీ బిగించవచ్చు. వైర్లు లోపలికి వెళ్లే చోట ఊడిపోయిన రబ్బరు బిరడాలను మార్పించవచ్చు. అమెరికాలో సెలవుల్లో ఊళ్లు తిరుగుతూ లోపలే బస చేసే ఆర్‌వీలు, క్యాంపర్లు ఈ లెక్కలో ఇల్లే. మంచం, వంటగది, బాత్‌రూమ్ అన్నీ ఉంటాయి, ఏడాదిలో చాలా నెలలు కదలకుండా ఉంటాయి. అక్కడ మూయడమే మందు.

చిట్టెలుకకు ఆరు మిల్లీమీటర్ల సందు చాలు, పెన్సిల్ దూరేంత కన్నమన్నమాట. తల పట్టిందంటే ఒళ్లు పడుతుంది. క్యాంపర్ అడుగున నీళ్ల పైపు, కరెంటు కేబుల్, గ్యాస్ గొట్టం లోపలికి వెళ్లే ప్రతి చోటా ఫ్యాక్టరీలో కోసిన కన్నం పైపు కన్నా పెద్దదిగానే ఉంటుంది. చీకటి పడ్డాక లోపల సింకు కింద, మంచం కింద లైట్లు పెట్టి, బండి కిందికి దూరి పైకి చూస్తే వెలుతురు కారే చోటల్లా ఎలుక దారే. ఆ సందుల్లో స్టీలు పీచు గానీ రాగి పీచు గానీ కుక్కి, పైన సీలెంట్ వేయాలి. నురగలా పొంగి గట్టిపడే ఫోమ్ ఒక్కటే వేస్తే ఎలుక సులువుగా కొరికేస్తుంది. మామూలు స్టీలు పీచు తడికి తుప్పుపట్టి రాలిపోతుంది కాబట్టి రాగిదో, స్టెయిన్‌లెస్‌దో నయం. హీటర్, ఫ్రిజ్, గీజర్ల పొగ గొట్టాలను మాత్రం గుడ్డలతో కుక్కి మరిచిపోకూడదు. వాటికోసమే చేసిన జాలీలు బిగించాలి, లేదంటే వాడేటప్పుడు విషవాయువు లోపలికే వస్తుంది. అక్కడి తెలుగు కుటుంబాలు సొంత ఆర్‌వీ కొన్నా, వారం రోజులకు అద్దెకు తీసుకున్నా, అల్మరాలో మిగిలిపోయే కందిపొడి పొట్లం, సోనా మసూరి సంచి, మరమరాల డబ్బా చలికాలమంతా ఎలుకకు దావత్ అని గుర్తుపెట్టుకోవాలి. మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బా అయినా ఎలుక పంటికి అడ్డు కాదు.

ఇది వైర్ల ఖర్చుతో పోయే విషయమైతే ఇంత చెప్పనక్కర్లేదు. 2012లో కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కుకు వెళ్లిన పది మందికి ఎలుకల నుంచి వచ్చే హాంటా వైరస్ సోకి ముగ్గురు చనిపోయారు. వాళ్లలో దాదాపు అందరూ బస చేసింది కర్రీ విలేజ్‌లో, చలి తెలియకుండా రెండు పొరల గోడలతో కట్టిన టెంట్ గదుల్లో. ఆ రెండు పొరల మధ్య అడవి ఎలుకలు గూళ్లు పెట్టాయి. ఎండిన ఉచ్చ, పెంటికలు ధూళిగా లేచినప్పుడు ఊపిరితో పాటు ఈ వైరస్ లోపలికి వెళ్తుంది. క్యాంపర్ గోడల నిర్మాణం కూడా అలాంటిదే. అందుకే చాలాకాలం మూసి ఉన్న బండిని తెరిస్తే చీపురు, వాక్యూమ్ క్లీనర్ ముట్టకూడదని అక్కడి ఆరోగ్య సంస్థలు చెబుతాయి. తలుపులు తీసి అరగంట బయట ఉండాలి. గ్లవ్స్ వేసుకుని, ఒక పాలు బ్లీచింగ్ ద్రావణానికి తొమ్మిది పాళ్ల నీళ్లు కలిపి పెంటికల మీద తడిసేలా చల్లి, ఐదు నిమిషాలు ఆగి, కాగితంతో ఎత్తి పారేయాలి. మన దగ్గర భయపడాల్సింది ఎలుక ఉచ్చ ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బుకు, వానాకాలంలో మరీ ఎక్కువ. అది చేతి మీది చిన్న గీత ద్వారా కూడా ఎక్కుతుంది. కాబట్టి సెల్లార్ కారుకైనా అదే పద్ధతి పాటించాలి. మెకానిక్ గాలిగొట్టంతో ఇంజిన్ గదిని "బుస్సు"మని ఊదేస్తానంటే వద్దనడమే మంచిది.

ఆగి ఉన్న బండిని కోరుకునేది ఎలుక ఒక్కటే కాదు. మాజ్డా కంపెనీ 2011లో ఉత్తర అమెరికాలో 65 వేల దాకా మాజ్డా6 కార్లను వెనక్కి పిలిచింది. కారణం ఒక చిన్న పసుపు సాలీడు. పెట్రోలు ఆవిరి గొట్టంలో అది గూడు అల్లితే గాలి ఆడక ట్యాంకులో ఒత్తిడి తేడా వచ్చి పగుళ్లు పడే ప్రమాదం ఉందని తేలింది. 2014లో అదే సాలీడు కారణంగా మరో 42 వేల కార్లు వెనక్కి వెళ్లాయి. ఇంతకన్నా దారుణం 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లో జరిగింది. ఇరవై రోజుల దాకా ఎగరకుండా ఉన్న బోయింగ్ 757 విమానం వేగం కొలిచే గొట్టాలకు తొడుగులు వేయకుండా వదిలేశారు. ఒక గొట్టంలో మట్టిగూడు కట్టే కందిరీగ చేరి ఉంటుందని దర్యాప్తు బృందం అనుమానించింది. వేగం తప్పుగా చూపించడంతో పైలట్లు తికమకపడి, విమానం సముద్రంలో కూలి 189 మంది చనిపోయారు. మన కార్లలో ఇంత ఘోరం ఉండదు గానీ, నెలల తరబడి ఆగిన బండి సైలెన్సర్ చివర, తాళం కన్నంలో మట్టిగూళ్లు కనిపించడం మామూలే. చీమలు, బొద్దింకలకైతే పిల్లల సీటు కింద బిస్కెట్ పొడి దులిపేస్తే సగం పని అయినట్టే. పాముల సంగతి వేరు. స్కూటీ హెడ్‌లైట్‌లో, కారు బానెట్‌లో పాము అని వచ్చే వార్తల వెనక తరచుగా ఎలుకే ఉంటుంది. ఎలుక వాసన పట్టుకునే పాము వస్తుంది. హైదరాబాద్‌లోనైతే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లు వచ్చి పట్టుకెళ్తారు. కర్రతో కెలకడం వద్దు.

ఎలుకల మందు గురించి ఒక అపోహ ఊరూరా ఉంది: అది తింటే దాహమేసి బయటికి పోయి చస్తుందని. అలాంటిదేమీ లేదు. బ్రోమాడియోలోన్ లాంటి బిళ్లలు రక్తం గడ్డకట్టకుండా చేసి చంపుతాయి. దానికి కొన్ని రోజులు పడుతుంది, చచ్చేది అది దాక్కున్న చోటే. అంటే మన ఏసీ గొట్టంలో. ఆ కంపు పోవాలంటే డ్యాష్‌బోర్డ్ మొత్తం విప్పాలి. టూత్‌పేస్ట్ లాంటి ట్యూబుల్లో వచ్చే పసుపు భాస్వరం మందునైతే ఇంటి ఛాయలకే రానివ్వకూడదు. పిల్లలు పొరపాటున తింటే కాలేయం పాడవుతుంది, దానికి విరుగుడు లేదు. గమ్ ప్యాడ్‌ల మీద ఎలుక రోజంతా గింజుకుంటుంది. ఉడుతలు, పిచ్చుకలు, బల్లులు కూడా వాటికి అంటుకుంటాయి. చాలా రాష్ట్రాలు వాటి వాడకం ఆపమని ఉత్తర్వులు కూడా ఇచ్చాయి. పాతకాలపు బోనే మేలు, పెట్టే పద్ధతి తెలిస్తే. పెద్ద ఎలుక కొత్త వస్తువును చూస్తే కొన్ని రోజులు దూరంగా ఉంటుంది. అందుకని మొదటి మూడు నాలుగు రోజులు బోను తలుపు పడకుండా కట్టేసి, ఎండుచేప ముక్కో, వేయించిన కొబ్బరో పెట్టి అలవాటు చేయాలి. ఎలుక గోడ పక్కనే ఒళ్లు రాసుకుంటూ నడుస్తుంది కాబట్టి బోను గోడకు ఆనించి పెట్టాలి, పార్కింగ్ నడిమధ్యన కాదు.

కానీ ఒక్క కారు ఓనరు ఒక్క బోనుతో గెలిచే ఆట కాదిది. గోదావరి, కృష్ణా డెల్టా రైతులకు ఇది బాగా తెలుసు. ఒక్కడు తన చేలో మందు పెడితే పక్క గట్టు మీది ఎలుకలు వచ్చి ఖాళీ బొరియల్లో దిగుతాయి. అందుకే వ్యవసాయ శాఖ వాళ్లు సామూహిక ఎలుకల నిర్మూలన అని, 96 పాళ్ల నూకలకు 2 పాళ్ల నూనె, 2 పాళ్ల బ్రోమాడియోలోన్ పొడి కలిపించి, ఊరి పొలాలన్నిట్లో ఒకేసారి పెట్టిస్తారు. చిట్టెలుక గర్భం మూడు వారాలే, పిల్లలు రెండు నెలలు తిరక్కుండానే ఈనడానికి సిద్ధమవుతాయి. కొద్దిగా మిగిల్చినా మళ్లీ మొదటికే. అపార్ట్‌మెంటుకూ ఈ లెక్కే వర్తిస్తుంది. సెల్లార్ మూలన మూతలేని చెత్త డ్రమ్ములు, లిఫ్టు గుంత పక్కన పేరుకున్న పాత పరుపులు, జాలీ ఊడిపోయిన మోరీ, టెర్రస్ మీద పావురాలకు రోజూ చల్లే జొన్నలు ఉన్నంతకాలం ఏ కారూ భద్రం కాదు. పావురాల పుణ్యం గురించి మీటింగులో మాట్లాడితే గొడవలవుతాయని అసోసియేషన్లు ఆ సంగతి ఎత్తవు. ఎలుకల నిజమైన మేత మాత్రం అదే. వానలు మొదలై బొరియల్లో నీళ్లు నిండకముందే ఈ పనులు చేయిస్తే సెల్లార్‌కు చేరే ఎలుకలు తగ్గుతాయి.

ఊరెళ్లేవాళ్లు తాళం పక్కింటివాళ్లకిచ్చి వారానికోసారి బండిని కాస్త దూరం నడపమని చెప్పడం మంచి అలవాటు. ఉన్నచోటే పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపితే ఇంజిన్ వెచ్చబెట్టి ఇచ్చినట్టే ఉంటుంది గానీ ఎలుక కదలదు. రోజూ తిరిగే బండిలో ఒక్క రాత్రిలో వైరు కొరకదని కాదు. గూడు మాత్రం నిలవదు. సొంతింట్లో, తాళమేసిన గ్యారేజీలో అయితే బానెట్ తెరిచి పెట్టొచ్చు. చీకటి, కప్పు లేకపోతే ఆ చోటు ఎలుకకు నచ్చదు. తిరిగొచ్చాక తాళం తిప్పేముందు బానెట్ ఎత్తి చూడాలి. పెట్రోలు వాసన వస్తే స్టార్ట్ చేయకూడదు, ఎలుక ఫ్యూయల్ గొట్టం కొరికి ఉండొచ్చు. గూడు ఇంజిన్ పొగ బయటికి పోయే వేడి గొట్టం (ఎగ్జాస్ట్ మానిఫోల్డ్) దగ్గరుంటే ఎండిన పీచు అంటుకుంటుంది. తెగిన మామూలు వైరును వీధి చివరి ఆటో ఎలక్ట్రీషియన్ అతికించగలడు. పసుపు తొడుగున్న ఎయిర్‌బ్యాగ్ వైర్లను, ఎలక్ట్రిక్, హైబ్రిడ్ బండ్లలో ఆరెంజ్ రంగు కేబుళ్లను మాత్రం అతనితో ముట్టించకూడదు.

ఇన్సూరెన్స్ సంగతి చాలామందికి రిపేరు బిల్లు చూశాకే గుర్తొస్తుంది. ఎదుటివాళ్ల నష్టానికే వర్తించే థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే ఎలుక చేసిన నష్టానికి ఏమీ రాదు. కాంప్రహెన్సివ్ పాలసీలో ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టం) కింద చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి, అయితే పాలసీల్లో "ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్" వర్తించదనే మాట కూడా ఉంటుంది కాబట్టి ఎలుక కాటును అందులో ఎలా చూస్తారో రెన్యువల్ అప్పుడే అడిగి రాయించుకోవాలి. 1500 సీసీ వరకు కార్లకు మొదటి 1000 రూపాయలు, ఆ పైన 2000 రూపాయలు మనమే భరించాలి. క్లెయిమ్ పెడితే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ పెట్టని ఏళ్లకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, పోతుంది. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా 50 శాతానికి చేరినవాళ్లకు, ఆ తగ్గింపుకు ముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 12 వేలనుకుంటే, వచ్చే ఏడాది ఒక్కదాంట్లోనే 6 వేలు అదనంగా కట్టాలి, మళ్లీ 50 శాతానికి రావాలంటే ఐదేళ్లు పడుతుంది. అలాంటివాళ్లు ఐదు వేల రిపేరును జేబులోంచి కట్టుకోవడమే లాభం. హార్నెస్ (వైర్ల కట్ట) మొత్తం మార్చాలని సర్వీస్ సెంటర్ అంటే మాత్రం ఏ వైరూ అతికించకముందే ఫోటోలు తీసి, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి, నష్టం అంచనా వేసే సర్వేయర్ వచ్చి చూశాకే పని మొదలుపెట్టించాలి.